నూటికి ఎన్ని మొక్కలు నిలిచాయి? వేరుకుళ్లు తట్టుకునే లూసర్న్ రకం తయారీలో నా అనుభవం

పశువుల మేత పంట లూసర్న్ విత్తనం సంచి మీద "అఫనోమైసిస్ వేరుకుళ్లు: హెచ్.ఆర్." అని ఉంటే, సంచిలోని ప్రతి గింజా ఆ తెగులును తట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. హెచ్.ఆర్. అంటే అత్యధిక నిరోధకత. పరీక్షలో నూరు మొలకలకు 50కి పైగా తట్టుకున్నాయని దాని అర్థం. మిగతావి చచ్చిపోవచ్చు, గిడసబారిపోవచ్చు. 31 నుంచి 50 దాకా తట్టుకుంటే నిరోధక రకం అంటాం. 15 నుంచి 30 అయితే ఒక మోస్తరు, 6 నుంచి 14 అయితే తక్కువ. 5, అంతకన్నా తక్కువైతే తెగులుకు లొంగే రకం. వరిలో రకం అంటే అన్ని మొక్కలూ ఒకే అచ్చు. లూసర్న్‌లో రకం అంటే ఊరి జనాభా లాంటిది, ఏ రెండు మొక్కలూ ఒకటి కావు. తెగులు తట్టుకునే రకం తయారు చేయడమంటే ఆ జనాభాలో తట్టుకునేవాళ్ల లెక్క పెంచడమే. పని పొడుగునా మేం చూసుకునేది ఆ లెక్కనే.

ఇలా ఉండటానికి కారణం మొక్క స్వభావం. లూసర్న్ చతుస్థితికం: 32 క్రోమోజోములు, ప్రతి జన్యువుకూ నాలుగు ప్రతులు. పైగా పరపరాగ సంపర్కం. తన పుప్పొడితో తనే కాయ పట్టించుకుంటే ఒకటి రెండు తరాల్లోనే మొక్క నీరసించిపోతుంది, పచ్చిమేత తగ్గుతుంది, విత్తనం ఇంకా తగ్గుతుంది. అందుకే వరిలో లాగా శుద్ధ వంశక్రమం తీయడం కుదరదు. మంచి మొక్కలను పదుల్లో, వందల్లో ఏరి, వాటిని వాటిలోనే కలవనిచ్చి, ఆ విత్తనాన్ని రకంగా విడుదల చేస్తాం. దీన్ని సింథటిక్ రకం అంటారు.

సగం మొక్కలు తట్టుకుంటే చేనుకు చాలుతుందా? చాలుతుంది. అమెరికాలో ఎకరాకు 15 పౌండ్లు, అంటే 7 కిలోలకు కాస్త తక్కువ విత్తనం వేస్తారు. పౌండుకు సుమారు 2,20,000 గింజలు. చదరపు అడుగుకు 75 గింజలు పడినట్టు. మొదటి ఏడాది చివరికి అడుగుకు 20, 25 మొక్కలుంటే నిండు చేను. మొలకల దశలో సగం పోయినా ఇంకా మిగులే.

నేను రాస్తున్నది మిన్నెసోటా, విస్కాన్సిన్ వైపు బంకమట్టి నేలల్లో, మంచు కరిగాక నీరు నిలిచే చేలల్లో వచ్చే తెగులు గురించి. అక్కడ లూసర్న్ చరిత్రంతా తెగుళ్ల చరిత్రే. 1857లో వెండెలిన్ గ్రిమ్ జర్మనీ నుంచి కొద్దిపాటి విత్తనం తెచ్చి మిన్నెసోటాలోని కార్వర్ కౌంటీలో వేశాడు. ఏటేటా చలికి చావగా మిగిలిన మొక్కల నుంచే విత్తనం దాచుకుంటూ పోయాడు. మా పనికి మూలం అదే: చావవలసినవాటిని చావనివ్వడం, మిగిలినవాటిని కలపడం. 1920లలో బాక్టీరియా ఎండు తెగులు బయటపడింది. దానికి జవాబుగా 1942లో రేంజర్, 1943లో బఫెలో, 1953లో వెర్నాల్ రకాలు వచ్చాయి. తర్వాత ఫైటోఫ్తొరా వేరుకుళ్లకు మిన్నెసోటా నుంచి అగేట్ రకం వచ్చింది. 1976లో వాషింగ్టన్ రాష్ట్రంలో వెర్టిసిలియం ఎండు తెగులు కనిపించింది. ఫైటోఫ్తొరాను తట్టుకునే రకాలు వేసినా తడి నేలల్లో మొలకలు ఎదగకుండా నిలిచిపోతుంటే, 1980లలో అసలు దోషి అఫనోమైసిస్ యుటీకెస్ అని తేలింది. ఇది శిలీంధ్రాన్ని పోలిన నీటిబూజు, వాడుకలో శిలీంధ్రమనే అంటాం.

ఈ తెగులును పొలంలో గుర్తుపట్టడం తెలియాలి. పితియం, ఫైటోఫ్తొరా సోకిన మొలక మెడ దగ్గర మెత్తబడి పడిపోతుంది, రెండు మూడు రోజుల్లో మాయమవుతుంది. అఫనోమైసిస్ సోకిన మొలక నిలబడే ఉంటుంది. బీజదళాలు పసుపెక్కుతాయి, ఎదుగుదల ఆగుతుంది. పీకి చూస్తే వేరు మొదట నీరు పట్టినట్టు బూడిదరంగులో, తర్వాత తేనెరంగులో కనిపిస్తుంది. వేరు బొడిపెలు దాదాపు ఉండవు. రైతు నత్రజని తక్కువైందనుకుంటాడు. విత్తనానికి పట్టించే మెటలాక్సిల్ మందు ఫైటోఫ్తొరా, పితియంల మీద బాగా పనిచేస్తుంది కానీ దీని మీద పనిచేయదు. ఎంత పనిచేయదంటే, కుళ్లిన వేరు నుంచి ఈ శిలీంధ్రాన్ని వేరు చేసే పోషక మాధ్యమంలో మేం కావాలనే మెటలాక్సిల్ కలుపుతాం. తక్కినవి ఆగిపోతాయి, ఇది ఒక్కటే పెరుగుతుంది. పైరాక్లోస్ట్రోబిన్ అనే మందు పట్టిస్తే మొదటి కొన్ని వారాలు కాస్త కాపు కాస్తుంది. ఆ తర్వాత మొక్క తన బలం మీదే బతకాలి. నేలలో దీని ఊస్పోర్లు, అంటే మందపాటి పొరతో నిద్రాణంగా ఉండే బీజాలు, ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కాబట్టి పంట మార్పిడితోనూ పెద్దగా ఒరిగేది లేదు. మిగిలింది నిరోధక రకమే.

ఇక పని మొదలు. ఒక్కో జనాభా నుంచి కనీసం 3,000 నుంచి 5,000 గింజలు తీసుకుంటాం. ఎందుకంటే మొదట్లో తట్టుకునేవి నూటికి నాలుగైదే ఉంటాయి, చివరికి చేతిలో వందకు పైగా మొక్కలు మిగలాలి. విత్తనం మందు పట్టించనిదై ఉండాలి. అలాంటిది దొరక్కపోతే రంగు పోయేదాకా పలుమార్లు కడిగి ఆరబెట్టుకోవాలి. లూసర్న్‌లో గట్టి గింజల బెడద ఉంటుంది, నీరు పీల్చుకోకుండా వారం పది రోజులు అలాగే పడి ఉంటాయి. రెండు గరుకు కాగితాల మధ్య కొన్ని సెకన్లు మెల్లగా రుద్దితే పొర గీసుకుని నీరు పడుతుంది. మరీ రుద్దితే పిండం దెబ్బతిని వంకర మొలకలొస్తాయి. ఈ పని తప్పనిసరి. ఆలస్యంగా మొలిచిన గింజకు శిలీంధ్రం అందదు, అది పచ్చగా నిలబడి తట్టుకున్నట్టు కనిపిస్తుంది. పరీక్షలో దొంగ మొక్కలు పుట్టే మొదటి చోటు ఇదే.

మట్టికి బదులు వెర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజపు పలుకులు వాడతాం, మధ్యరకం గింజకట్టుది. మరీ ముతకదైతే పైభాగం ఆరిపోయి శిలీంధ్రపు ఈత కణాలైన జూస్పోర్లు ఈదలేవు. మరీ సన్నదైతే బిగుసుకుపోయి గాలాడక ఆరోగ్యమైన వేర్లు కూడా నల్లబడతాయి. ట్రేలలో వరుసలు తీసి, గింజను సెంటీమీటరు లోతున వేసి, 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రోజుకు 16 గంటల వెలుతురులో ఉంచుతాం. వెర్మిక్యులైట్‌లో నత్రజని ఉండదు. అందుకే నీటితో పాటు పలుచటి పోషక ద్రావణం ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండో వారానికల్లా ఆరోగ్యమైన మొలకలూ పసుపెక్కుతాయి, తెగులు పసుపేదో ఆకలి పసుపేదో తెలియక మార్కులన్నీ గల్లంతవుతాయి.

ప్రతి ట్రేలోనూ పోల్చి చూసే రకాల వరుసలు తప్పక ఉండాలి. సరానాక్ తెగులుకు లొంగిపోతుంది. వాఫ్-1 అనే విత్తన వనరు రేస్ 1ను తట్టుకుంటుంది (రేస్ అంటే ఈ శిలీంధ్రంలోనే ఒక తెగ). వాఫ్-5 రేస్ 1నీ రేస్ 2నీ తట్టుకుంటుంది. రేస్ 2 సంగతి 1990లలో బయటపడింది. వాఫ్-1 నుంచి తెచ్చిన నిరోధకత దాని ముందు నిలవదు. అందుకే పొలం మట్టి తెచ్చి ముందు ఈ మూడింటినీ అందులో మొలిపించి, మట్టిని నీటితో నింపి చూస్తాం. సరానాక్ ఒక్కటే పోతే ఉన్నది రేస్ 1. సరానాక్‌తో పాటు వాఫ్-1 కూడా పోతే రేస్ 2 ఉన్నట్టు. ఏ రేస్ కోసం ఎంపిక చేస్తున్నామో తేల్చుకోకుండా మొదలుపెడితే నాలుగైదేళ్ల శ్రమ తప్పు తెగులు మీద పోతుంది.

అన్నిటికన్నా నైపుణ్యం కావలసింది శిలీంధ్రాన్ని సిద్ధం చేసుకోవడంలో. అఫనోమైసిస్‌ను మొక్కజొన్నపిండి అగార్ మీద పెంచి, పెరుగుతున్న అంచు నుంచి చిన్న బిళ్లలు కోసి, పెప్టోన్, గ్లూకోజ్ కలిపిన ద్రవంలో వేస్తాం. మూడు నుంచి ఐదు రోజుల్లో దూదిపింజలా అల్లుకుంటుంది. అప్పుడు ఆ తిండి ద్రవాన్ని వంపేసి, లవణాలు కొద్దిగా కలిపిన నీటితో రెండు మూడుసార్లు కడిగి, ఆ నీటిలోనే రాత్రంతా వదిలేస్తాం. తిండి ఉన్నట్టుండి ఆగిపోవడంతో శిలీంధ్రం జూస్పోర్లను విడుదల చేస్తుంది. రెండు తోకలతో నీటిలో ఈదుకుంటూ వేరును వెతుక్కునే కణాలివి. తెల్లవారి సూక్ష్మదర్శినిలో చూస్తే మసకచీకట్లో మిణుగురుల్లా కదులుతుంటాయి.

ఇవి చాలా సున్నితం. కుళాయి నీటిలోని క్లోరిన్ వీటిని చంపేస్తుంది. సీసాను గట్టిగా కుదిపితే తోకలు రాల్చి గుండ్రంగా ముడుచుకుపోతాయి, ఇక ఈదవు. లెక్కపెట్టేటప్పుడు ఆ గుణమే అక్కరకొస్తుంది. కొద్ది నమూనాను పక్కకు తీసి బాగా కుదిపి, ముడుచుకుపోయాక హీమోసైటోమీటర్ (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజుపలక) మీద లెక్కపెడతాం. పెద్ద చదరానికి సగటున 5 కనిపిస్తే మిల్లీలీటరుకు 50,000 ఉన్నట్టు. అసలు ద్రావణాన్ని మాత్రం మెల్లగా తిప్పుతూనే పలుచన చేసుకోవాలి. మోతాదు ఎంతన్నది పుస్తకంలోని అంకె కంటే సరానాక్, వాఫ్ వరుసలే బాగా చెబుతాయి. ఎక్కువైతే తట్టుకునే మొక్కలూ కూలిపోతాయి, తక్కువైతే లొంగిపోయేవి కూడా తప్పించుకుంటాయి. అందుకే కొత్త ఐసొలేట్ (ఒక చోటి కుళ్లిన వేరు నుంచి వేరుచేసి పెంచిన శిలీంధ్రం) వాడినప్పుడల్లా ముందుగా మూడు నాలుగు మోతాదులతో చిన్న పరీక్ష చేస్తాం. ఇంకొకటి: అగార్ మీద ఏళ్ల తరబడి మార్చి మార్చి పెంచిన శిలీంధ్రం పొగరు తగ్గిపోతుంది. ఏడాదికోసారైనా దాన్ని మొలకకు సోకించి, కుళ్లిన వేరు నుంచి మళ్లీ తీసుకోవాలి. ఒకే ఐసొలేట్ మీద ఆధారపడటం కన్నా ఒకే రేస్‌కు చెందిన రెండు మూడింటిని కలిపి వాడటం మేలు.

విత్తిన ఏడో రోజుకు బీజదళాలు విచ్చుకుంటాయి. అప్పుడు పిపెట్‌తో వరుస వెంట, మొలకల మొదట్లో ద్రావణం పోస్తాం. వెంటనే ట్రేను రెండు మూడు రోజులు నీటిలో నిలబెడతాం, నీరు వెర్మిక్యులైట్ పైకి తేలేంతగా. ఆ తర్వాత నీరు తీసేసినా తడి ఆరనివ్వకూడదు. ట్రే మూలల్లో ఎండితే ఆ మూల మొక్కలన్నీ బతికి మార్కులు పాడుచేస్తాయి. ఈ మొదటి మూడు నాలుగు రోజుల్లో మొలకలు టపటపా పడిపోతే అది అఫనోమైసిస్ కాదు, పితియం చొరబడింది. ఆ ట్రేను మొహమాటం లేకుండా పారేయాలి.

రెండు నుంచి మూడు వారాలకు మొక్కలను పీకి, వేర్లను కడిగి మార్కులు వేస్తాం. మచ్చ లేని వేరు, మచ్చ లేని బీజదళాధారం (బీజదళాల కింది లేత కాండం) ఉంటే 1. అక్కడక్కడ చిన్న గోధుమ మచ్చలుంటే 2. వేరు, కాండం కింది భాగం రంగు మారి మొక్క ఓ మోస్తరుగా గిడసబారితే 3. వేరు చాలావరకు కుళ్లి పైభాగం పెరగకపోతే 4. చచ్చిపోతే 5. 1, 2 వచ్చినవే తట్టుకున్న మొక్కలు. ఆకులు చూసి మార్కు వేయకూడదు, వేరు చూసే వేయాలి. 2కూ 3కూ మధ్య గీత దగ్గరే మనుషులు తడబడతారు. ఒక ట్రే మొత్తానికి ఒకరే మార్కులు వేయాలని మేం పెట్టుకున్న నియమం అందుకే. సరానాక్ వరుసలో తట్టుకున్నవి నూటికి 5 దాటితే పరీక్ష సరిగా జరగనట్టే, ఎంపిక చేయకుండా మళ్లీ మొదలుపెట్టడమే మంచిది.

ఎందుకంత పట్టుదల అంటే లెక్క చూపిస్తాను. నిరోధకత ఒకే బహిర్గత జన్యువు (ఒక్క ప్రతి ఉన్నా పనిచేసేది) వల్ల వస్తుందనుకోండి. మొదటి జనాభాలో నూటికి 5 మొక్కలే తట్టుకుంటున్నాయంటే, ఆ ఐదింటిలో దాదాపు అన్నింటికీ నాలుగు ప్రతుల్లో ఒక్కటే మంచిది. అలాంటి మొక్క పుప్పొడిలో సగానికి ఆ జన్యువు అందుతుంది, సగానికి అందదు. అలాంటి రెండు మొక్కలను కలిపితే పిల్లల్లో నాలుగింట మూడు తట్టుకుంటాయి. ఒక్క దఫాలో 5 నుంచి 75కు ఎగబాకవచ్చన్నమాట. ఇప్పుడు పరీక్షలో నూటికి మరో 5 దొంగ మొక్కలు తప్పించుకున్నాయనుకోండి. మనం ఏరినవాటిలో సగం ఉత్తవే. పుప్పొడిలోనూ అండాల్లోనూ నాలుగో వంతుకే జన్యువు ఉంటుంది. పిల్లల్లో తట్టుకునేవి 16కి 7, అంటే నూటికి 44. చూడటానికి ఐదే ఐదు మొక్కల పొరపాటు, కానీ 75 కావలసింది 44 అయింది. పొలం నేలలో అంతకన్నా ఎక్కువే తప్పించుకుంటాయి. అక్కడ తడి ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. మొదటి దఫాల ఎంపికను గ్రీన్‌హౌస్‌లోనే చేయడానికి కారణం అదే.

ఈ లెక్కే మరో సంగతి కూడా చెబుతుంది. మొదటి దఫాలో దూకుడుగా పెరిగిన శాతం తర్వాత నెమ్మదిస్తుంది. ఎందుకంటే తెగులుకు లొంగే ప్రతులు తట్టుకునే మొక్కల లోపలే దాక్కుని ఉంటాయి, బయటికి కనిపించవు. నూటికి నూరు చేయాలని పట్టుబడితే ఎంపిక దఫాలు పెరిగి, తల్లుల సంఖ్య తగ్గి, మొక్క బలం పోతుంది. రెండు మూడు దఫాల తర్వాత ఆపి, తక్కిన గుణాల మీద దృష్టి పెట్టడమే సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

1, 2 మార్కులు వచ్చిన మొలకలను వేరు ఆరకముందే శుద్ధిచేసిన మట్టిమిశ్రమంలో నాటుతాం. నాటేటప్పుడు వేర్లకు బొడిపెలు కట్టించే రైజోబియం బాక్టీరియాను పట్టించాలి. మొదటి వారం నీడలో ఉంచి, ఆకులు చిగురించాక వెలుతురులోకి మార్చాలి. ఈ దశలో నూటికి కొన్ని పోతూనే ఉంటాయి, దానికి సరిపడా ముందే ఎక్కువ ఏరుకోవాలి.

ఒక్క అఫనోమైసిస్‌ను తట్టుకుంటే రకం కాదు. అమెరికాలో రకాలను ఆరు తెగుళ్ల మీద తూచేవారు: బాక్టీరియా ఎండు తెగులు, వెర్టిసిలియం, ఫ్యుజేరియం, ఆంత్రాక్నోస్, ఫైటోఫ్తొరా, అఫనోమైసిస్ రేస్ 1. ఒక్కోదానికి 5 పాయింట్లు, మొత్తం 30. రేస్ 2 కూడా చేర్చాక 35 అయింది. అందుకే అవే మొక్కలను, లేదా తర్వాతి దఫా మొక్కలను, ఒక్కో తెగులుకూ గురిచేస్తూ పోతాం. ఆంత్రాక్నోస్ అన్నిటికన్నా తేలిక. ఒకటి రెండు వారాల మొలకల మీద సిద్ధబీజాల ద్రావణం పిచికారీ చేసి, ఒకటి రెండు రోజులు పూర్తి తేమలో ఉంచితే చాలు. పది రోజుల్లో లొంగేవి కాండం విరిగి పడిపోతాయి. బాక్టీరియా ఎండు తెగులుకు ఓపిక కావాలి. రెండు మూడు నెలల మొక్కలను పెకలించి, వేరు కొస కత్తిరించి, బాక్టీరియా కలిపిన నీటిలో నానబెట్టి మళ్లీ నాటాలి. మరో మూడు నెలలకు వేరును అడ్డంగా కోసి లోపలి గోధుమ వలయాన్ని చూసి మార్కు వేయాలి. వెర్టిసిలియంకు చల్లదనం కావాలి. గ్రీన్‌హౌస్ వేడెక్కితే తెగులు అణిగిపోయి అన్ని మొక్కలూ మంచివిగానే కనిపిస్తాయి. ఆ పరీక్షను వేసవిలో పెట్టకపోవడం ఉత్తమం.

మిగిలిన మొక్కలను కలపడం తర్వాతి మెట్టు. లూసర్న్ పువ్వు నిర్మాణమే వేరు. కేసరాలు, కీలం కలిసిన గొట్టం ద్రోణి దళాల (కింది రెండు రేకుల) మధ్య స్ప్రింగులా బిగించి ఉంటుంది. తగిలితే టక్కున పైకి లేచి ధ్వజానికి (పై పెద్ద రేకుకు) కొట్టుకుంటుంది, ఆ దెబ్బకు కీలాగ్రం మీది పొర చిట్లుతుంది. అప్పుడే పుప్పొడి పనిచేస్తుంది. ఒకసారి విడిన పువ్వు మళ్లీ ముడుచుకోదు. గ్రీన్‌హౌస్‌లో మడిచిన అట్టముక్క అంచుతో పువ్వుల గుత్తిని తాకుతూ, అంటుకున్న పుప్పొడితో పక్క మొక్కకు, దాన్నుంచి ఇంకో మొక్కకు వెళతాం. వారానికి రెండు మూడుసార్లు, వరుస మార్చి మార్చి తిరగాలి. ఎప్పుడూ ఒకే దారిలో తిరిగితే పక్కపక్క మొక్కలే కలుస్తాయి. కేసరాలు తీసేయం కాబట్టి కొంత స్వపరాగం తప్పదు. కానీ ఆ కాయల్లో గింజలు తక్కువ పడతాయి, మొలిచినవీ వెనకబడతాయి.

తల్లి మొక్కలు వందకు పైగా ఉండాలని చూస్తాం. యాభై కన్నా తగ్గితే రెండు మూడు దఫాల్లో బంధువుల కలయిక పెరిగి దిగుబడి జారడం కనిపిస్తుంది. కోతప్పుడు ఒక్కో మొక్క విత్తనం విడిగా నూర్చి, ప్రతి మొక్క నుంచీ సమానంగా, 100 మొక్కలుంటే తలా 50 గింజల చొప్పున 5,000 తీసుకుని కలుపుతాం. మొత్తం ఒకే కుప్పగా నూర్చితే విత్తనం బాగా కాసిన నాలుగైదు మొక్కలే తర్వాతి తరాన్ని ఆక్రమిస్తాయి. విత్తనం ఎక్కువ కాసే మొక్క మేత ఎక్కువ ఇస్తుందన్న నియమం ఏమీ లేదు.

అక్కడి నుంచి పొలం. ఏరిన వంశాల మొక్కలను మీటరు ఎడంగా నాటి, రెండు మూడు చలికాలాలు వదిలేస్తాం. గ్రీన్‌హౌస్‌లో 1 మార్కు తెచ్చుకున్న మొక్క ఇక్కడ ఆకులు తక్కువై, కాండం మోడులా ఉండి, కోత తర్వాత లేవకపోవచ్చు. అలాంటిదాన్ని వదిలేస్తాం. ఏ మొక్క మొదలు చలికి కుళ్లింది, ఏది వాలింది, ఏది త్వరగా చిగురించింది, ఏ ఆకుల మీద మచ్చలున్నాయి అని ప్రతి కోతకూ రాసుకోవాలి. గుడ్డిగా నిరోధకత ఒక్కటే చూసి తల్లులను కలిపేసిన రకాలు రైతు చేతికి చేరాక నిలవవు.

చివరికి ఎంచిన తల్లులను కలిపి తెచ్చిన విత్తనం మొదటి సింథటిక్ తరం. దాన్నుంచి రెండోది, మూడోది. అమ్మకానికి సరిపడా విత్తనం కావాలంటే ఇడాహో, వాషింగ్టన్ రాష్ట్రాల పొడి నేలలకు వెళ్లాలి, ఎందుకంటే విత్తనం పట్టే కాలంలో వాన పడకూడదు. అక్కడ పువ్వులు విప్పేవి తేనెటీగలు కాదు. తేనెటీగ రెండు మూడుసార్లు దెబ్బ తిన్నాక పువ్వు పక్క నుంచి తేనె తాగడం నేర్చుకుంటుంది. ఆకులు కత్తిరించే మరో జాతి తేనెటీగలను (వీటిని ఈగలనే అంటాను) ఎకరానికి 20 వేల నుంచి 30 వేల దాకా వదులుతారు. వాటి గూళ్లను 30 డిగ్రీల వేడిలో మూడు వారాలు పొదిగిస్తే పూతకు సరిగ్గా బయటికొస్తాయి. పొదిగించడం ఆలస్యమైతే తొలి పూత పోతుంది, తొందరపడితే ఈగలకు తిండి ఉండదు. వాషింగ్టన్‌లో టచెట్ దగ్గర చౌడు నేలల్లో బొరియలు చేసుకునే ఆల్కలీ ఈగలను రైతులు పడకలు కట్టి మరీ పోషిస్తారు.

అమ్మే తరం విత్తనంతో అన్ని తెగుళ్ల పరీక్షలూ మళ్లీ చేస్తాం. తల్లుల్లో వచ్చిన శాతం రకం శాతం కాదు. వచ్చిన అంకెను అలాగే రాయకూడదు. పోల్చి చూసే నిరోధక రకానికి ఎప్పుడూ 50 వస్తుందని తెలిసి, మన పరీక్షలో 40 వస్తే, మన రకానికి వచ్చిన 44ను ఆ నిష్పత్తిలో సరిదిద్ది 55 అంటాం. అందుకు ఆ పోల్చే వరుసలు ప్రతి పునరావృతంలోనూ ఉండి తీరాలి. వీటికి తోడు పువ్వు రంగులు నూటికి ఎన్ని ఊదా, ఎన్ని కలగలుపు, ఎన్ని తెలుపు, మీగడ, పసుపు అని లెక్కపెట్టాలి. శరత్కాలపు నిద్ర కూడా కొలవాలి. సెప్టెంబరు మొదట్లో కోసి, నాలుగు వారాల తర్వాత ఎత్తు కొలిచి, 1 నుంచి 11 దాకా ఉన్న కొలబద్ద మీద అంకె ఇస్తారు. 1 అంటే చలి రాగానే నేలకు కరుచుకుపోయేది, 11 అంటే ఆగకుండా పెరిగేది. విస్కాన్సిన్ వైపుకు 3, 4 సరిపోతాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పాడి రైతులు ఇది చదివి అమెరికా హెచ్.ఆర్. విత్తనం తెప్పించుకోవాలనుకోవద్దు. నిద్ర అంకె 3, 4 ఉన్న రకం మన అక్టోబరు, నవంబరు విత్తుకు పనికిరాదు. మనకు మేత కావలసిన నెలల్లోనే పగలు తగ్గి అది కదలకుండా కూర్చుంటుంది. మనకు ఆనంద్-2, ఆర్.ఎల్.-88 లాంటి నిద్రపోని రకాలే కావాలి. మన దగ్గర చూడవలసిన తెగుళ్లూ కొంత వేరు: చలికాలంలో ఆకుల అడుగున బూజు తెగులు, తర్వాత తుప్పు. నల్లరేగడిలో నీరు నిలిచి వేర్లు కుళ్లడం మాత్రం రెండు చోట్లా ఉన్నదే. అక్కడ నిరోధకత కన్నా ముందు మురుగుకాలువ తవ్వుకోవాలి. కానీ ఇంటి విత్తనం దాచుకునే రైతులు ఒక పని చేయవచ్చు. మూడో ఏడు నిండాక నీరు నిలిచిన మడిలో ఇంకా బలంగా ఉన్న మొక్కలను కనీసం వంద గుర్తించి, తక్కినవాటిని పూత రాకముందే కోసేసి, ఆ వంద నుంచి తలా ఇంత చొప్పున విత్తనం తీసి కలుపుకోవచ్చు. నాలుగైదు మొక్కల నుంచే తీసుకుంటే మాత్రం ఉన్న బలం కూడా పోతుంది. బంగారు తీగ అల్లుకున్న మడి నుంచి విత్తనం అసలు తీయకూడదు. ఆ తీగ గింజ దాదాపు లూసర్న్ గింజంతే ఉంటుంది, జల్లెడకు దొరకడం కష్టం.

విడుదలయ్యాక కూడా కాపలా ఉంటుంది. చలి ప్రాంతపు రకాన్ని వెచ్చటి చోట ఎక్కువ ఏళ్లు విత్తనానికి ఉంచితే, అందులో నిద్ర తక్కువ ఉన్న మొక్కలే ఎక్కువ గింజ కాసి, తరం మారేసరికి రకం స్వభావం జారిపోతుంది. అందుకే విత్తన చేను ఎన్నేళ్లు ఉంచవచ్చో, ఎన్ని తరాలు దాటకూడదో విడుదల పత్రంలోనే రాస్తాం. బ్రీడర్ విత్తనాన్ని, అంటే రకానికి మూల విత్తనాన్ని, ఒకేసారి ఎక్కువగా పండించి, బాగా ఆరబెట్టి, గాలి చొరని సంచుల్లో సున్నాకు 20 డిగ్రీల దిగువన దాచుతాం. విత్తన చేనులో కింద రాలి మొలిచిన మొక్కలను ప్రతి వసంతంలో తీసేయిస్తాం. కొత్త లాట్ వచ్చినప్పుడల్లా అందులోంచి 200 గింజలు తీసి, సరానాక్, వాఫ్ వరుసల పక్కన మళ్లీ ట్రేలో వేస్తాం.